నాకు నూట ఇరవై రెండు జ్వరం వచ్చిన రోజు

కొత్తగా పనులకు పోతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. బుద్ధి చెప్పడానికి కాదు. బుద్ధి చెప్పే అలవాటు నాకు ఎక్కువేనని మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు కానీ, ఈ ఒక్క విషయంలో నాకా అర్హత లేదు. మీరు నవ్వుకుంటే చాలు. నవ్వి, మీ లెక్క ఇంకోసారి చూసుకుంటే ఇంకా మంచిది.

నేను చదివింది మూడో తరగతి. పళ్ళిపట్టు దగ్గర మా పల్లెలో అప్పట్లో తెలుగు బడి ఉండేది. అక్షరాలు వచ్చినాయి, ఎక్కాలు వచ్చినాయి, అంతలో చిన్న తమ్ముణ్ణి ఎత్తుకునే పని వచ్చింది, బడి పోయింది. తమిళం బాగానే మాట్లాడతాను. సంతలో, బస్సులో, ఆఫీసులో, అరవాల్సి వస్తే అరవడానికి కూడా తమిళమే. కానీ లెక్క మాత్రం నా నోట్లో తెలుగులోనే నడుస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కొంపముంచింది ఇదే.

తిరువళ్ళూరు ఊరి అవతల కోడిపిల్లలను పొదిగించే ఫారం ఒకటి ఉండేది. పోయినేడు మానుకునేదాకా నేను అక్కడే పనిచేసినాను. తెల్లవారే పళ్ళిపట్టులో టౌన్ బస్సెక్కి తిరుత్తణి, తిరుత్తణిలో ఎలక్ట్రిక్ రైలెక్కి తిరువళ్ళూరు. సాయంత్రం మళ్ళీ ఇల్లు. నా చేతికి ఏది దొరికినా వృథా పోనివ్వను. గుడ్ల అట్టలు చిరిగితే కుట్టి వాడేదాన్ని, బల్బుకు పట్టిన దుమ్ము తుడిచి ఇంకో బల్బు అడగకుండా చూసేదాన్ని. చేరింది ఊడ్చే పనికి. కొన్నాళ్ళకు గుడ్లు తుడిచే పని, ఆ తర్వాత మిషన్ గది నా చేతికి వచ్చినాయి. ఊడ్చే పని మాత్రం ఎవరూ తీసుకోలేదు, అదీ నాదే.

మా మిషన్ పాతది. లోపల అరల్లో గుడ్లు పేర్చి, ఒక మరను తిప్పితే వేడి పెరిగేది, తగ్గేది. లోపల వేలాడే థర్మామీటర్ చూసుకుంటూ తిప్పాలి. ఎంత ఉండాలో తలుపు మీద రేకులో అచ్చు వేసి ఉండేది. మొదటి రోజుల్లో నూటికి అర తక్కువ, పిల్లలు బయటకు వచ్చే ముందు తొంభై ఎనిమిదిన్నర. జ్వరానికి చూసే లెక్కే అది. కోడి వొళ్ళు మన వొళ్ళు కంటే పిసరు వెచ్చన, అంతే. ఫారం చూసుకునే మేడం చిన్నపిల్ల, డిప్లమో చదివింది, తమిళమ్మాయి. పాఠం చెప్పడం ఆమెకు పిచ్చి.

ఒకసారి మందుల కంపెనీ అతను ఊరికే ఇచ్చినాడని ఒక కొత్త థర్మామీటర్ తెచ్చింది. పాతది పగిలితే ఉంటుందని సొరుగులో పెట్టమంది. చూస్తే దాంట్లో అంకెలు చిన్నవి. మా మిషన్ వేడికి అది ముప్పై ఏడున్నర చూపించింది.

"ఇది సెల్సియస్ అమ్మా. మన రేకు మీద ఉండేది ఫారన్‌హీట్. దీన్ని దాంట్లోకి మార్చుకోవాలి."

"ముప్పై ఏడున్నర ఉంటే చాలు అని చెప్పేయండి మేడం. గుర్తుంచుకుంటాను."

"చివరి రోజుల్లో తగ్గించాలి కదా, అప్పుడేం చేస్తారు? అంకె గుర్తుపెట్టుకోవద్దు. లెక్క నేర్చుకోండి." ఆమె చాక్‌పీసు తీసుకుని గోడ దగ్గరికి పోయింది. "తొమ్మిదితో పెరుక్కమ్మా, అయిదుతో భాగం పెట్టమ్మా, తర్వాత ముప్పై రెండు కూట్టమ్మా."

నేను చీపురు తీసుకున్నాను.

ఎందుకంటారా. తమిళంలో ఊడ్చడానికి రెండు మాటలు. కూట్టు అన్నా ఊడ్చమనే. పెరుక్కు అన్నా ఊడ్చమనే. రెండూ కలిపి కూట్టి పెరుక్కు అంటే మూల మూలా శుభ్రంగా ఊడ్చమని. అన్నేళ్ళుగా రోజూ పొద్దున్నే గేటు దగ్గర నాకు వినపడే మొదటి మాట అదే. ఆ రెండు మాటలకు బడిలో వేరే పని ఉందని, పెరుక్కు అంటే గుణించు, కూట్టు అంటే కలుపు అని నాకెవరు చెప్పినారు? నేను తమిళ బడి గడప తొక్కినదాన్ని కాదు.

"పొద్దున్నే ఊడ్చేసినాను మేడం. ఇంగ యాడుండాది దుమ్ము?" అన్నాను, కొంచెం కోపంగానే.

ఆమె నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. తర్వాత అర్థం చెప్పింది, గోడ మీద పెద్దగా రాసింది. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నేను వెంటనే అంతా తెలిసినట్టు ముఖం పెడతాను. ఇంకోసారి చెప్పమంటారా అని ఆమె అడిగితే, "ఎందుకు, తొమ్మిదో ఎక్కం నాకు నిద్రలో కూడా వస్తుంది" అన్నాను. ఎక్కం వస్తుంది, నిజమే.

వారం తిరక్కుండా గోడలన్నీ మందు నీళ్ళతో తుడిచినాను. గోడ మీద గీతలుంటే నాకు పడదు. రాత తుడిచేస్తే ఏం, తలలో ఉందిలే అనుకున్నాను. తలలో దాచుకుంటే చాక్‌పీసు కూడా మిగులుతుంది. తలలో ఏముందంటే, కూట్టి పెరుక్కు ఉంది. గోడ మీద పెరుక్కి కూట్టు అని ఉన్నది, నా తలలోకి పోయేసరికి చీపురు వరసలోకి తిరిగిపోయింది. నాలుక అలవాటు అది. నేను గమనించలేదు.

ఇంగ అసలు సంగతి. మా వీధిలో ఒక అక్క ఉంది. వరసకు అక్క కాదు, వయసుకు అక్క. మొగుడు పోయినాక నాటుకోళ్ళే ఆమెకు ఆధారం. ఆమె అత్త కాలం నుంచి వస్తున్న జాతి, కాళ్ళు పసుపు, మెడ మీద ఎర్ర ఈకలు, ఎవరడిగినా అక్క ఒక్క గుడ్డు ఇచ్చేది కాదు. ఆ ఏడు కొక్కెర తెగులు వచ్చి కోళ్ళన్నీ వరసగా వాలిపోయినాయి. మిగిలినవి గంప కింద ఉన్న గుడ్లు మాత్రమే. పక్కింటి పొదుగుకోడి కింద పెడతానంది.

నేనే పెట్టనివ్వలేదు. "కోడి లేచి పోతే ఎవరు చూస్తారు? వానొస్తే, పామొస్తే? మా మిషన్ ముందు కోడెంత? నాకియ్యి. నేనుండాను కదా" అన్నాను. నేనుండాను కదా అనే మాట నేను చాలా సార్లు అన్నాను జీవితంలో. ఎప్పుడన్నా మంచి జరిగినట్టు గుర్తులేదు. అక్క నా ముఖం చూసి, గుడ్లను పాత చీర ముక్కల్లో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. బస్సులో, రైల్లో బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోయినాను.

మిషన్లో ఫారం గుడ్లు లేని సమయం, మేడం పెట్టుకోమంది. మూడో వారం నడుస్తోంది. దీపానికి అడ్డం పెట్టి చూస్తే లోపల పిల్లలు కదులుతున్నాయి. ఆ రోజు సాయంత్రం వాటిని కింది అరలోకి మార్చి వేడి తొంభై ఎనిమిదిన్నరకు తగ్గించాలి. మేడం అది చెప్పి చెన్నైలో మీటింగుకు పోయింది. చిత్తిరై మాసం. ఎండ పొద్దున్నే మొదలైంది.

మేడం లేని రోజు కాబట్టి ఇంకా బాగా శుభ్రం చేద్దామని నాకు బుద్ధి పుట్టింది. మిషన్ లోపల గుడ్డ పెట్టి తుడుస్తూ పాత థర్మామీటర్‌కు చెయ్యి తగిలించినాను. కింద పడి రెండు ముక్కలు. ఊడ్చి పారేసినాను, ఊడ్చడం నాకు వచ్చు కదా. సొరుగులో కొత్తది తీసి వేలాడదీసి, కాసేపు ఆగి చూస్తే ముప్పై ఏడున్నర.

చాక్‌పీసు తుంపు ఒకటి దాచి ఉంచినాను. నేల మీద కూర్చుని లెక్క మొదలుపెట్టినాను. ముందు కూట్టు. అర ఎందుకు, చాక్‌పీసు దండగ అని అర వదిలేసినాను. ముప్పై ఏడు, ముప్పై రెండు, అరవై తొమ్మిది. తర్వాత పెరుక్కు. అరవై తొమ్మిది తొమ్ముదులు ఆరువందల ఇరవై ఒకటి. అయిదుతో భాగిస్తే నూట ఇరవై నాలుగు, ఒకటి మిగిలింది. మిగిలినదాన్ని కూడా పక్కన రాసినాను. అంత శ్రద్ధ.

నూట ఇరవై నాలుగు. ఉండాల్సింది నూరుకు లోపల.

పరిగెత్తి గుడ్డు ఒకటి తీసి కంటిరెప్ప మీద పెట్టుకున్నాను. మేమంతా అట్లే చూస్తాము, రెప్పకు వేడి బాగా తెలుస్తుంది. రెప్పకు ఎప్పుడూ ఉండే వెచ్చదనమే తగిలింది. అయినా వినలేదు. నా రెప్ప బడికి పోలేదు, లెక్క బడికి పోయింది. లెక్కనే నమ్మినాను. మేడం ఫోన్ స్విచ్ ఆఫ్. మిషన్ ఆపేసినాను. తలుపులు రెండూ తెరిచినాను. అక్క గుడ్లున్న అట్టలు బయట రేకుల నీడలోకి తెచ్చి, చేట తీసుకుని విసరడం మొదలుపెట్టినాను.

అట్లా విసురుతుండగా గేటు దగ్గర అక్క. గుడ్లు చూసి పోదామని, ఒంటరిగా, మొదటిసారి రైలెక్కి వచ్చింది. చేతిలో నా కోసం మురుకుల పొట్లం.

"ఏమ్మే, నా గుడ్లకు చేటతో విసురుతా ఉండావు. వియ్యాలవారా అవి?"

"మాట్లాడొద్దు అక్కా. మిషన్లో నూట ఇరవై నాలుగు ఉండాది."

"ఏంది నూట ఇరవై నాలుగు?"

"వేడి. నూరు దాటకూడదు."

అక్క పొట్లం కింద పెట్టింది. ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ పెట్టేసింది. గట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. "ఆ పొదుగుకోడి ఇంకా కూర్చోనే ఉండాది, వట్టి గంపలో" అన్నది, అంతే. నేను చేట వేగంగా ఆడించినాను.

కొంచెం సేపటికి అడిగింది. "ఎంత దిగింది?"

అట్ట మీద పెట్టిన థర్మామీటర్ చూసినాను. ముప్పై నాలుగు. నేల మీద లెక్క వేసినాను. "నూట పద్దెనిమిది."

"ఇంతసేపు విసిరినా అంతేనా? మరి ఈ నీడలో ఉండేది నూట పద్దెనిమిదా?"

"అట్లే ఉండాది."

"అయితే మనమిద్దరం కూడా నూట పద్దెనిమిదిలోనే కదా కూర్చోని మాట్లాడుకుంటా ఉండాము. మనం ఉడకలేదే."

చెమట తుడుచుకున్నాను.

"నీ మనవడికి నూట రెండు జ్వరమని తిరుత్తణి ఆసుపత్రికి చెప్పుల్లేకుండా పరిగెత్తినావు. ఆ కడ్డీ నీ చంకలో పెట్టుకో, నీకెంతుందో చూద్దాం."

కోపంతోనే పెట్టుకున్నాను. ఇద్దరం రైలు పోయే చప్పుడు వింటూ కూర్చున్నాము. తీసి చూస్తే ముప్పై ఆరు దాటి ఉంది. దాటింది వదిలేసినాను, అలవాటు. ముప్పై ఆరు, ముప్పై రెండు, అరవై ఎనిమిది. తొమ్మిదితో ఆరువందల పన్నెండు. అయిదుతో భాగం.

"అక్కా, నాకు నూట ఇరవై రెండు."

అక్క నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "అయితే నువ్వు పోయినావు. పోయేదానివి ఊళ్ళోనే పోకూడదా, తిరువళ్ళూరు దాకా వచ్చి పోయినావు. రైల్లో ఎత్తుకుపోవాలంటే నేనొక్కదాన్నే ఉండాను."

నవ్వు రాలేదు నాకు. మనిషి వొళ్ళు తొంభై ఎనిమిది అని ఊళ్ళో చంటిబిడ్డ తల్లికి కూడా తెలుసు. నాకూ తెలుసు. ఇంతసేపు ఆ తెలివి యాడికి పోయింది? లెక్క మళ్ళీ వేసినాను, అదే వచ్చింది. ఎక్కం తప్పలేదు. భాగహారం తప్పలేదు. అప్పుడు నోటితో పైకి అనుకున్నాను, కూట్టి పెరుక్కు, కూట్టి పెరుక్కు. ఎదురుగా గోడకు నా చీపురు ఆనించి ఉంది. దాన్ని చూసినాను. అది నన్ను చూసినట్టే ఉంది.

మేడం ముందు పెరుక్కమంది. నేను గేటు దగ్గర మాట విని లెక్క వేసినాను.

ముప్పై ఆరు తొమ్ముదులు మూడువందల ఇరవై నాలుగు. అయిదుతో భాగిస్తే అరవై నాలుగు, చిల్లర. దానికి ముప్పై రెండు కలిపితే తొంభై ఆరు, చిల్లర. చంకలో పెట్టుకున్నది, పైన అర వదిలేసినది, అన్నీ కలిపితే నేను బతికే ఉన్నాను. ఈసారి అర వదలకుండా మిషన్ లెక్క వేసినాను. తొంభై తొమ్మిదిన్నర. రేకు మీద ఉన్నది ఉన్నట్టు. మిషన్ ఏ తప్పూ చెయ్యలేదు. గుడ్లు ఏ ఆపదలోనూ లేవు, నేను కాపాడడం మొదలుపెట్టేదాకా.

ఇద్దరం కలిసి అట్టలు లోపల పెట్టినాము. మిషన్ వేసినాను. "ఉడకలేదు కదా" అన్నది అక్క. "ఉడకలేదు. చల్లారినాయేమో" అన్నాను. చల్లారడం కూడా మంచిది కాదని చెప్పడానికి నోరు రాలేదు, కానీ ఆమె కోళ్ళు పెంచినది, నేను చెప్పాల్సిన పనిలేదు. అట్టల మీద చెయ్యి పెట్టి నిలబడింది.

సాయంత్రం ఇంకో కష్టం. వేడి తొంభై ఎనిమిదిన్నరకు తగ్గించాలి. అది కొత్త కడ్డీలో ఎంత? ఇప్పటిదాకా చిన్న అంకెను పెద్దది చేసినాను. ఇప్పుడు పెద్దదాన్ని చిన్నది చెయ్యాలి. గుణించినచోట భాగించాలి, కలిపినచోట తీసెయ్యాలి, అంత మాత్రం బుర్ర ఉంది. మేడం చెప్పిన వరస ఒకసారి తప్పి బుద్ధి వచ్చింది కాబట్టి ఆ వరసే పట్టుకున్నాను. ముందు తొమ్మిది, అయిదు. తర్వాత ముప్పై రెండు. తొంభై ఎనిమిది అయిదులు నాలుగువందల తొంభై, తొమ్మిదితో భాగిస్తే యాభై నాలుగు, ముప్పై రెండు తీసేస్తే ఇరవై రెండు.

ఇరవై రెండు అంటే మార్గళి తెల్లవారుజాము. ఆ చలిలో ఏ కోడి పొదుగుతుంది? ఒకసారి చంకలో పెట్టుకున్నదాన్ని కాబట్టి ఈసారి అంకెను వెంటనే నమ్మలేదు. కానీ తప్పు యాడుందో తెలీలేదు.

అక్క సంచి సర్దుకుంటోంది. "మే, పళ్ళిపట్టు బస్సు ఈడ యాడ నిలుస్తుంది? వచ్చేటప్పుడు ముందు బస్సే కదా ఎక్కినాను."

నాకు ఒళ్ళు మండింది. "ఇంత వయసొచ్చింది, ఇది తెలీదా అక్కా? వచ్చేటప్పుడు బస్సు ముందు, రైలు వెనక. పోయేటప్పుడు రైలు ముందు, బస్సు వెనక. కడాన దేంట్లోంచి దిగినావో ముందు దాంట్లోనే ఎక్కాల. ఈడ నిలబడి బస్సు బస్సంటే..."

అని ఆగిపోయినాను.

"అంటే?" అంది అక్క.

నేను నేల మీద కూర్చున్నాను. లెక్క పోయేటప్పుడు కడాన ఎక్కింది ముప్పై రెండు. తిరిగి వచ్చేటప్పుడు ముందు దాంట్లోంచే దిగాలి. తొంభై ఎనిమిదిన్నరలో ముప్పై రెండు తీసేస్తే అరవై ఆరున్నర. ఆ తర్వాత అయిదుతో గుణించి తొమ్మిదితో భాగిస్తే, ముప్పై ఏడుకు పిసరు తక్కువ. రోజూ పొద్దున ఒక వరస, సాయంత్రం తిరగేసిన వరస, అన్నేళ్ళు ఆ దారిలో తిరిగినదాన్ని. పొద్దున చేసిన లెక్కలో నేను పళ్ళిపట్టులో రైలెక్కడానికి పోయినాను. అక్కడ పట్టాలే లేవు.

మర తిప్పి ముప్పై ఏడుకు పిసరు కింద నిలబెట్టినాను. ఇద్దరం రైలు ముందు, బస్సు వెనక ఎక్కి ఇల్లు చేరినాము. నాకు తెచ్చిన మురుకులు దారంతా అక్కే తినేసింది.

మరుసటి రోజు మేడంకు చెప్పినాను. పగిలిన కడ్డీ ఎట్లాగూ కనిపిస్తుంది, దాచి లాభం లేదు. ఆమె తిట్టలేదు. చిత్తిరై ఎండలో నీడ కూడా ముప్పై నాలుగు ఉంది కాబట్టి, గుడ్ల లోపల పిల్లలు పెద్దవైనాయి కాబట్టి తట్టుకుంటాయేమో అంది. నేను విసిరిన చేట గాలి కంటే తిరువళ్ళూరు ఎండే కోడిలాగా కూర్చుని వాటిని కాచిందన్నమాట. తర్వాత ఆమె గోడ మీద లెక్క మళ్ళీ రాసింది, పోయే దారి ఒక వరసలో, వచ్చే దారి కింద వరసలో. ఈసారి రంగుతో రాసింది, నేను తుడవకుండా.

రావాల్సిన రోజు ఒక్క గుడ్డూ పగల్లేదు. అక్క గేటు బయట గట్టు మీద కూర్చుంది, లోపలికి రాలేదు. నేను గది ఊడ్చినాను, మళ్ళీ ఊడ్చినాను. ఆ మరుసటి పొద్దున అక్కను వెంటపెట్టుకుని పోయి తలుపు తీసేసరికి లోపల కిచకిచ. అన్నీ రాలేదు. కొన్ని గుడ్లు అట్లే ఉండిపోయినాయి. అవి నా వల్ల పోయినాయా, వాటి రాత అంతేనా, నాకు ఈ రోజుకీ తెలీదు, అక్క అడగలేదు. వచ్చినవాటిలో ఒకదాన్ని ఎత్తి కాళ్ళు చూసింది. పసుపు. మెడ తడిమింది. "ఈక ఇంకా రాలేదు, వస్తే తెలుస్తుంది" అని ఒళ్ళో పెట్టుకుంది. ఈక ఎర్రగానే వచ్చింది.

ఇప్పుడు అక్క దొడ్డి నిండా ఆ జాతే. ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసింది. నిన్న కూడా ఫోన్ చేసింది.

"ఏమ్మే, నూట ఇరవై రెండూ, జ్వరం దిగిందా?"

"యాడ దిగింది అక్కా. ముందు ముప్పై రెండు దిగాల. ఆ తర్వాతే మిగతాది."